ఆవిడ వయసుతో వేయాల్సిన లెక్క

బెజవాడలో ఎవరైనా రిటైరయ్యారంటే బంధువులు ముందుగా అడిగే మాట "మొత్తం ఎంతొచ్చింది?" అని. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, సెలవుల జీతం, పీఎఫ్ అన్నీ కలిపి ఆయన ఒక అంకె చెబుతారు. ఆ అంకె చెవినపడగానే ఇంట్లో ఎవరి మనసులో వాళ్లు దాన్ని పంచేస్తారు. పెద్దవాడి ఫ్లాటుకు కొంత, అమ్మాయి పిల్లల చదువుకు కొంత, ఊళ్లో పాతింటి మరమ్మతుకు కొంత. నెలకు ఎంత వస్తుంది, ఎన్నేళ్లు రావాలి, ఎవరికోసం రావాలి అని అడిగేవాళ్లు తక్కువ. నిజానికి ముసలితనం నడిచేది ఈ మూడు ప్రశ్నల మీదే.

ముందు ఏళ్ల సంగతి చూద్దాం. మన దేశంలో 60 నిండిన మనిషి సగటున ఇంకా 18 ఏళ్లు బతుకుతాడని జనన మరణాల నమూనా నమోదు లెక్కలు చెబుతాయి. ఇది సగటు మాత్రమే. ఎంతోమంది అంతకు మించి బతుకుతారు. ఆ వయసులో ఆడవాళ్లకు మిగిలిన ఆయుష్షు మగవాళ్లకంటే ఇంకాస్త ఎక్కువ. పైగా ఇప్పుడు రిటైరవుతున్న తరంలో భర్తకంటే భార్య నాలుగైదేళ్లు చిన్న. ఈ రెండూ కలిపితే ఆయన పోయాక ఆవిడ ఒంటరిగా గడిపే కాలం సగటున అయిదారేళ్లు. పదిహేనేళ్లు అలా గడిపిన తల్లులు మనకు తెలిసిన ప్రతి వీధిలోనూ ఉన్నారు. 60 ఏళ్ల ఆయనకు 55 ఏళ్ల భార్య ఉంటే, ఆవిడకు 85 వచ్చేదాకా డబ్బు ఉండాలనుకుంటే, వేయాల్సిన లెక్క 30 ఏళ్లకు. కానీ ఆఫీసులో కాగితం మీద ఉండేది ఆయన పుట్టిన తేదీ. ఇంట్లో అందరూ లెక్క వేసేదీ దానితోనే. ఆవిడ పుట్టిన తేదీతో వేస్తే అంకెలన్నీ మారిపోతాయి. ఈ కథనంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఇది కొన్ని ఇళ్ల సమస్య కాదు. జనాభా అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 60 దాటినవాళ్లు 2021 నాటికే 12 శాతం దాటారు. 2031కి 16 శాతం దాటుతారు. దక్షిణాదిలో కేరళ, తమిళనాడుల వెనకే మనమూ వేగంగా వయసు మీదపడుతున్న రాష్ట్రమే. కాన్పుల సంఖ్య స్త్రీకి 1.7కి పడిపోయిందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అంటే రేపటి ముసలివాళ్లకు చేయి అందించే పిల్లలు ఒకరో ఇద్దరో. ఉయ్యూరు, కంకిపాడు, గుడివాడ చుట్టుపక్కల ఊళ్లలో ఆ ఒకరిద్దరు కూడా చాలావరకు డాలస్‌లోనో, సిడ్నీలోనో, హైదరాబాద్‌లోనో ఉంటున్నారు.

రెండోది ధరల సంగతి. ఇవాళ ఇద్దరికి నెలకు 30,000 ఖర్చవుతోందనుకుందాం. ఏడాదికి 6 శాతం చొప్పున ధరలు పెరిగితే 12 ఏళ్లకు అదే బతుక్కి 60,000 కావాలి. 18 ఏళ్లకు 85,000 దాటుతుంది. కాబట్టి పింఛను ఎంత అన్నదానికంటే అది పెరిగే పింఛనా, పెరగని పింఛనా అన్నది ముఖ్యం.

పొద్దున్నే లబ్బీపేట స్టేడియంలో నడిచి ఒకే బెంచీ మీద సేదతీరే నలుగురిని ఊహించుకోండి. ఒకాయన రైల్వేలో చేసి పాత పింఛను తీసుకుంటున్నారు. రెండో ఆయన 2004 తర్వాత చేరిన టీచరు, కంట్రిబ్యూటరీ పింఛను పథకం (సీపీఎస్) కిందికి వస్తారు. మూడో ఆయన ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేసి ఈపీఎఫ్ పింఛను అందుకుంటున్నారు. నాలుగో ఆయన పామర్రు వైపు మూడెకరాల రైతు, పొలం కౌలుకిచ్చి కొడుకు దగ్గరికి వచ్చేశారు. నలుగురిదీ ఒకే వయసు, ఒకే ఊరు. నెల మొదట్లో వాళ్ల చేతికొచ్చే డబ్బు మాత్రం నాలుగు వేర్వేరు చట్టాలది.

రైల్వే ఆయన ఆఖరి బేసిక్ 80,000 అనుకుందాం. పూర్తి పింఛను అందులో సగం, 40,000. దాని మీద ధరలతోపాటు పెరిగే డియర్‌నెస్ రిలీఫ్ (డీఆర్). అది 50 శాతం ఉన్నప్పుడు మొత్తం 60,000. ఇక్కడే కమ్యుటేషన్ అనే మలుపు వస్తుంది. కేంద్ర ఉద్యోగి పింఛనులో 40 శాతం దాకా, అంటే 16,000 దాకా, ముందే అమ్ముకుని ఒకేసారి డబ్బు తీసుకోవచ్చు. 60 ఏళ్లకు రిటైరైతే తర్వాతి పుట్టినరోజు 61 కాబట్టి పట్టికలో గుణకం 8.194. లెక్క ఇలా ఉంటుంది: 16,000 × 12 × 8.194 = 15,73,248 రూపాయలు. దాని మీద పన్ను లేదు. బదులుగా 15 ఏళ్లపాటు నెలకు 16,000 కోత. మొత్తం 180 నెలల్లో తిరిగి కట్టేది 28,80,000.

చాలామంది ఈ మాట విని గుండెలు బాదుకుంటారు. "8 ఏళ్ల 3 నెలలకే అసలు తీరిపోతుంటే 15 ఏళ్లు కోస్తారా?" అని పింఛనుదారుల సంఘాలు కోర్టుల దాకా వెళ్లాయి. కోపం అర్థమవుతుంది, కానీ వడ్డీ కూడా లెక్కలోకి రావాలి. దీన్ని అప్పుగా చూస్తే వడ్డీ ఏడాదికి 9 శాతం దగ్గర తేలుతుంది. బయట వ్యక్తిగత రుణం కంటే తక్కువ, ఇంటి రుణం కంటే కాస్త ఎక్కువ. మామూలు అప్పుకు లేని రెండు గుణాలు దీనికున్నాయి. డీఆర్‌ను కోతకు ముందున్న పూర్తి 40,000 మీదే ఇస్తారు. రెండోది ఇంకా పెద్దది. ఆయన మధ్యలో కన్నుమూస్తే మిగిలిన కోత అక్కడితో రద్దు. ఆవిడ ఫ్యామిలీ పింఛను నుంచి ఒక్క రూపాయి కోయరు.

అందుకే కమ్యుటేషన్ మంచిదా చెడ్డదా అని ఎవరైనా అడిగితే, ఆ డబ్బు ఎక్కడికి పోతోందని తిరిగి అడగాలి. 12 శాతం వడ్డీ అప్పు తీర్చడానికైతే తప్పకుండా తీసుకోండి. ఆ 15.73 లక్షలను 8.2 శాతం వడ్డీ వచ్చే పథకంలో కదపకుండా ఉంచితే నెలకు దాదాపు 10,750 వస్తుంది. పోగొట్టుకున్న 16,000లో మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చినట్టే, అసలు అలాగే ఉంటుంది. కొడుకు ఫ్లాటు అడ్వాన్సుకు పోతే మాత్రం 75 ఏళ్లు వచ్చేదాకా నెలకు 16,000 మీ ఇంటి ఖర్చులోంచి అతని గోడల్లోకి వెళుతున్నట్టు. ఇవ్వకూడదని అనడం లేదు. ఇచ్చేది 15 లక్షలు కాదు, 28 లక్షలు అని తెలిసి ఇవ్వండి.

ఇక ఆవిడ వంతు. ఫ్యామిలీ పింఛను ఆఖరి జీతంలో 30 శాతం. 80,000 మీద 24,000, దానిపై డీఆర్ వేరే. రిటైరైన కొత్తలోనే ఆయన పోతే, ఏడేళ్లపాటు లేదా ఆయనకు 67 నిండాల్సిన తేదీ దాకా, రెంటిలో ఏది ముందైతే అప్పటివరకు, 40,000 ఇస్తారు. ఆ తర్వాత 24,000. అంటే ఇంటి ఆదాయం 60 శాతానికి దిగుతుంది. ఖర్చు మాత్రం సగానికి దిగదు. ఇంటి పన్ను, అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు, పనిమనిషి, కరెంటు, కేబుల్ అన్నీ ఒక మనిషికైనా ఇద్దరికైనా ఒకటే. ఒంటరిగా ఉన్నందుకు రాత్రి తోడు మనిషిని పెట్టుకోవాల్సి వస్తే ఖర్చు ఇంకా పెరుగుతుంది.

పాత పింఛను ప్రభుత్వం దయతో ఇచ్చేది కాదని, చేసిన సేవకు దక్కే హక్కని సుప్రీంకోర్టు నకారా కేసులో చెప్పింది 1982 డిసెంబరు 17న. అందుకే ఆ తేదీని పింఛనుదారుల దినంగా జరుపుకుంటారు. తీర్పు చెప్పిన అయిదుగురు న్యాయమూర్తుల్లో మన తెలుగువారు ఓ. చిన్నపరెడ్డి ఒకరు. ఆ తర్వాత రెండు దశాబ్దాలకే హక్కు రూపం మారిపోయింది.

రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లకు సీపీఎస్ వచ్చింది. బేసిక్, డీఏలలో 10 శాతం ఉద్యోగిది, అంతే మొత్తం ప్రభుత్వానిది. అప్పట్లో నలభై ఏళ్లకు చేరిన టీచర్లు ఇప్పుడు 62కి వస్తున్నారు. అంటే ఆ పథకంలో తొలి తరం ఇప్పుడిప్పుడే ఇంటికి చేరుతోంది. పథకం అసలు రూపం ఏమిటో డెల్టా ఊళ్లలో ఇన్నాళ్లకు కంటికి కనిపిస్తోంది. ఒకరి ఖాతాలో 40 లక్షలు చేరాయనుకుందాం. 60 శాతం, అంటే 24 లక్షలు చేతికిస్తారు. మిగిలిన 16 లక్షలతో యాన్యుటీ కొనాలి. భార్యకూ కొనసాగి, ఇద్దరి తర్వాత అసలు వారసులకు తిరిగొచ్చే రకం యాన్యుటీకి 6 శాతం అనుకుంటే నెలకు 8,000. దానికి డీఆర్ లేదు. ధరలు 6 శాతం చొప్పున పెరిగితే 18 ఏళ్ల తర్వాత ఆ 8,000తో కొనగలిగేది ఇవాళ్టి 2,800 విలువైన సరుకు. కాబట్టి ఈ ఇంట్లో అసలైన పింఛను చేతికొచ్చిన ఆ 24 లక్షలే. దాన్ని ముట్టుకుంటే పింఛనును ముట్టుకున్నట్టు. పాత పింఛను ఉన్న అన్నయ్య రిటైర్మెంటు డబ్బుతో ఇల్లు కట్టాడని, సీపీఎస్ తమ్ముడూ అలాగే కడితే అతనికి మిగిలేది ఇల్లూ, ఎనిమిది వేలూ.

సీపీఎస్ ఉద్యోగులకు ఆఖరి బేసిక్‌లో 50 శాతానికి హామీ ఇచ్చేలా రాష్ట్ర శాసనసభ 2023లో చట్టం చేసింది. కేంద్రం తన ఉద్యోగులకు 2025 ఏప్రిల్ 1 నుంచి ఏకీకృత పింఛను పథకం తెచ్చింది. అందులో 25 ఏళ్ల సర్వీసు ఉంటే ఆఖరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం, పదేళ్లు దాటితే కనీసం 10,000. నియమాలు ఇంకా కదులుతూనే ఉంటాయి. రిటైరయ్యే వయసే చూడండి. 58గా ఉన్నదాన్ని నిమ్మకూరు బిడ్డ ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయిన నెలకే, 1983 ఫిబ్రవరిలో, 55కి దించారు. వేలమంది ఆ నెలాఖరునే ఇంటికి వెళ్లారు. తర్వాత మళ్లీ 58 అయింది. రాష్ట్రం విడిపోయాక 2014లో 60, 2022 జనవరి నుంచి 62. ఈ చివరి పెంపుతో రెండేళ్లపాటు వయసు నిండిన రిటైర్మెంట్లు దాదాపు ఆగిపోయి, 2024 జనవరి ఆఖరు నుంచి మళ్లీ మొదలయ్యాయి. వెళ్లాల్సిన తేదీ మన చేతిలో లేదని ఇంతకంటే రుజువు అక్కర్లేదు. అప్పులు 58కే తీరేలా చూసుకోవడం నయం.

మూడో ఆయన, ఆటోనగర్ ఆయన లెక్క చూస్తే బాధ కలుగుతుంది. ఆయన పింఛను వచ్చే ఈపీఎస్-95 పథకం సూత్రం సులువు. జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చవేసి 70తో భాగించాలి. జీతం ఎంతున్నా 15,000 మించి లెక్కించరు, 2014 సెప్టెంబరుకు ముందు సర్వీసుకైతే 6,500 మించి లెక్కించరు. ముప్పై ఏళ్ల సర్వీసులో 19 ఏళ్లు పాత పరిమితిలో, 11 ఏళ్లు కొత్త పరిమితిలో ఉంటే పింఛను 4,121. ఇరవై ఏళ్లు దాటినందుకు కలిపే రెండేళ్లు వేసినా 5,000 దాటదు. ఆయన తర్వాత ఆవిడకు అందులో సగం. కనీస పింఛను 2014 నుంచి 1,000 దగ్గరే నిలిచిపోయింది. సంస్థ సిబ్బంది ప్రభుత్వంలో విలీనం కావడానికి ముందు, అంటే 2020 జనవరి 1కి ముందే రిటైరైన ఆర్టీసీ డ్రైవర్లు, కండక్టర్లు కూడా ప్రధానంగా ఈ సూత్రం మీదే బతుకుతున్నారు. ముప్పై ఏళ్లు రాత్రీ పగలూ బస్సు నడిపిన మనిషికి నెలకు మూడు నాలుగు వేలు అనే మాట వినడానికి ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. ఈ పింఛను 58కి మొదలవుతుంది. 50 తర్వాత ముందే తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున శాశ్వతంగా తగ్గుతుంది, 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం పెరుగుతుంది. చేతిలో వేరే పని ఉంటే ఆ రెండేళ్లు ఆగండి.

ఏ కాగితమూ లేని కూలీలకు, చిన్న వ్యాపారులకు ఎన్టీఆర్ భరోసా ఉంది. 2014లో 1,000 అయిన వృద్ధాప్య పింఛను 2019 జనవరిలో 2,000, 2024 జనవరిలో 3,000, అదే ఏడాది జులై 1న ఇంటింటికీ ఇచ్చినప్పుడు 4,000 అయింది. అర్హులకు కేంద్రం తరఫు వాటా 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకు 200 దగ్గరే ఉంది. జీవితమంతా పీఎఫ్ కట్టిన కార్మికుడికి ఖాయంగా దక్కే కనీసం 1,000, ఏమీ కట్టనివారికి ప్రభుత్వమిచ్చేది 4,000. ఇందులో తగ్గించాల్సింది ఆ నాలుగు వేలు కాదు. పెంచాల్సింది ఆ వెయ్యి.

ఇక డెల్టాకు ప్రత్యేకమైన మాట, పొలం. ప్రకాశం బ్యారేజీ కింద నీళ్లు పారే ఎకరం ఉంటే చాలు, ముసలితనానికి దిగులు లేదని మన పెద్దలు నమ్మారు. నాలుగో ఆయన మూడెకరాలతో ఆ నమ్మకాన్ని లెక్క కడదాం. సార్వాకు కౌలు ఎకరానికి 75 కిలోల బస్తాలు 20 అనుకుందాం. 2025-26కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369, అంటే బస్తాకు 1,777. ఎకరానికి 35,500. మూడెకరాలకు ఏడాదికి 1,06,600. నెలకు తొమ్మిది వేలలోపు. దాని మీద ఆదాయపు పన్ను లేదు, ధాన్యం ధరతో అది పెరుగుతుంది కూడా. ఆ మేరకు సీపీఎస్ యాన్యుటీ కంటే మెరుగే.

కానీ ఎకరం 50 లక్షలు పలికే చోట అదే పొలం విలువ కోటిన్నర. దాని మీద వచ్చేది ఏడాదికి 0.7 శాతం. ఒక్క ఎకరం అమ్మి 7 శాతం వడ్డీకి వేస్తే నెలకు 29,000 వస్తుంది. మూడెకరాల కౌలుకు మూడు రెట్లు. పట్టణ హద్దులకు చట్టం చెప్పినంత దూరంలో ఉన్న పల్లె పొలమైతే అమ్మకంపై మూలధన లాభాల పన్నూ పడదు. పొలం అమ్మడం మన దగ్గర పరువు తక్కువ. తాత సంపాదించింది మనం తినేశామనే మాట భయపెడుతుంది. నా అభిప్రాయం వేరు. కోటిన్నర ఆస్తి పేరు మీద పెట్టుకుని, మోకాలి ఆపరేషనుకు కొడుకు పంపే డాలర్ల కోసం ఎదురుచూసే తల్లిదండ్రులను చూశాక, ఒక ఎకరం వాళ్ల కోసమే పండాలని గట్టిగా అనిపిస్తుంది. మిగతా రెండెకరాలు పిల్లలకు ఎలాగూ చేరతాయి.

కౌలు ఏటా ఒకేలా రాదన్నదీ గుర్తుంచుకోవాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన చేలూ, ఓదెల మీదున్న పంటా నీళ్లపాలయ్యాయి. అలాంటి ఏడు కౌలురైతును పూర్తి కౌలు అడగలేరు, అడగకూడదు. అందుకని ఒక ఏడాది కౌలు మొత్తాన్ని బ్యాంకులో పక్కన ఉంచుకున్నాకే కౌలును ఆదాయంగా లెక్కేయండి.

చేతిలో ఉన్న డబ్బుకు తేలికైన దారి పోస్టాఫీసు. సీనియర్ సిటిజన్స్ పొదుపు పథకంలో 2023 ఏప్రిల్ నుంచి ఒక్కొక్కరు 30 లక్షల దాకా వేయవచ్చు. వడ్డీ 8.2 శాతం. 30 లక్షలకు మూడు నెలలకోసారి 61,500. అయిదేళ్ల గడువు, ఆ తర్వాత పొడిగించుకోవచ్చు. భార్యకు 60 నిండగానే ఆవిడ పేరున వేరే ఖాతా తెరవండి, జాయింటుతో సరిపెట్టకండి. నెల ఆదాయ పథకంలో ఇద్దరి పేరున 15 లక్షలు వేస్తే 7.4 శాతం చొప్పున నెలకు 9,250. ఈ రేట్లను మూడు నెలలకోసారి సమీక్షిస్తారు. అయితే పొదుపు పథకంలో చేరిన రోజు ఉన్న రేటు గడువు దాకా మారదు. నెలకు రెండు రూపాయల వడ్డీ ఇస్తామనే తెలిసినవాళ్ల సంగతి, చిట్టీల సంగతి డెల్టాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఏడాదికి 24 శాతం ఇవ్వగలిగే వ్యాపారానికి రిటైరైన మాస్టారి డబ్బుతో పనేమిటన్నది ఒక్కసారి ఆలోచించండి.

ఇల్లు ఎక్కడ ఉండాలన్నది కూడా డబ్బు లెక్కే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగుకు గండ్లు పడి అజిత్‌సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు వరద వచ్చింది. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు. కింది అంతస్తులో ఉన్న పెద్దవాళ్ల మంచాలు, మందులు, కాగితాలు తడిసిపోయాయి. పై అంతస్తులో ఉన్నవాళ్లు దిగలేకపోయారు. మోకాళ్ల నొప్పులకని గ్రౌండ్ ఫ్లోరు వెతుక్కునే వయసులో ఆ వీధి నీళ్లు నిలిచే వీధేమో విచారించండి. లిఫ్టు ఉండి, దానికి జనరేటరు కూడా ఉన్న రెండో అంతస్తు ఈ ఊరికి సరైనది. పింఛను చెల్లింపు ఉత్తర్వు (పీపీఓ), బాండ్లు, దస్తావేజుల నకళ్లు డిజిలాకర్‌లోనూ, పిల్లల దగ్గరా ఉంచండి. పదిహేను రోజుల మందులు ఎప్పుడూ ఇంట్లో ఉండాలి.

ఆ ఇంటినే పిల్లల పేర రాసే ముందు ఒక చట్టం తెలుసుకోవాలి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పోషణ కోసం ఆర్డీఓ స్థాయి ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు 10,000 దాకా ఇప్పించే వీలుంది. అదే చట్టం 23వ సెక్షను ప్రకారం, చూసుకోవాలనే షరతుతో రాసిచ్చిన దానపత్రాన్ని, చూసుకోకపోతే రద్దు చేయించవచ్చు. ఆ షరతు కాగితంలో ఉండి తీరాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో అంది. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో చట్టాన్ని వృద్ధుల పక్షాన ఉదారంగా చదవాలని చెప్పి, ఒక తల్లి రాసిన దానపత్రాన్ని రద్దు చేసింది. కోర్టు ఉదారంగా ఉంటుందని నమ్ముకుని సంతకం పెట్టకూడదు. దానపత్రం రాయాల్సి వస్తే, మా ఇద్దరి జీవితకాలం అనుభవ హక్కు మాదే, పోషించకపోతే రద్దవుతుంది అన్న రెండు వాక్యాలు రాయించండి. ఇంకా మంచిది వీలునామా. ఇద్దరు సాక్షులు చాలు, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, బతికున్నంతకాలం ఇల్లు మీదే. పిల్లల మీద నమ్మకం లేదని దీనర్థం కాదు. ముందు ఆయన పోతే ఆవిడ ఎవరి ఇంట్లోనూ అతిథిగా మారకూడదు, అంతే. ఎవరికీ చెప్పుకోలేని పరిస్థితి వస్తే పెద్దల సహాయవాణి 14567.

ఆరోగ్యం గురించి రెండు మాటలు. 70 నిండినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరులో తెచ్చింది. 60కీ 70కీ మధ్యనున్న పదేళ్లే ప్రైవేటు ఉద్యోగులకు ఖాళీ. బీమా కొనడానికి 65 ఏళ్ల అడ్డంకిని నియంత్రణ సంస్థ 2024లో తీసేసింది. పాత జబ్బులకు నిరీక్షణ కాలం మూడేళ్లకు మించకూడదని కూడా చెప్పింది. ఆ మూడేళ్లు ఉద్యోగంలో ఉండగానే గడిచిపోవాలంటే, కంపెనీ బీమా ఉన్నా సరే, 57కే సొంత పాలసీ మొదలుపెట్టాలి.

ఇక కాలం. ఆఫీసు, రానూపోనూ ప్రయాణం కలిపి రోజుకు పది గంటలు, ఏడాదికి 280 రోజులు. ఏటా 2,800 గంటలు ఒక్కసారిగా ఖాళీ అవుతాయి. పద్దెనిమిదేళ్లకు యాభై వేల గంటలు. విజయవాడలో దీనికి చోటు లేకపోలేదు. 1911లో పుట్టిన రామమోహన గ్రంథాలయం ఉంది, జనవరిలో పుస్తకాల పండుగ ఉంటుంది, కృష్ణ ఒడ్డు ఉంది. లెక్కల మాస్టార్లకు, లెక్చరర్లకు కాలేజీలు మళ్లీ పిలిచి పనిస్తాయి. అపార్ట్‌మెంటు సంఘాలకు పద్దులు చూసే మనిషి ఎప్పుడూ కావాలి. పని దొరకడం కంటే, పిలుపు లేని మొదటి ఏడాదిని దాటడం కష్టం. నిన్నటిదాకా సంతకం కోసం నిలబడిన మనుషులు ఇవాళ ఫోనెత్తకపోతే, అది గుండెకు తగులుతుంది. అందుకే ఉద్యోగంతో సంబంధం లేని ఒక పనిని, ఒక మిత్రబృందాన్ని రిటైరయ్యే రెండేళ్ల ముందే పట్టుకున్నవాళ్లు త్వరగా కుదుటపడతారు.

ఆ యాభై వేల గంటలు గడిచేది మాత్రం ఎక్కువగా ఆవిడ ఇంట్లోనే. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం ఆరేళ్లు, ఆపై వయసున్నవాళ్లలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారు, ఆ పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు. ఆవిడ పనికి విరమణ వయసు ఏ జీవోలోనూ లేదు. ఆయన ఇంట్లో ఉండటంతో ఇంకో రెండు కాఫీలు, మధ్యాహ్నం వేడి అన్నం తోడైతే ఆ నిమిషాలు పెరుగుతాయి. రోజుకు వంద నిమిషాల పని ఆయన తీసుకుంటే ఇద్దరికీ దాదాపు సమానమవుతుంది. కూరలు తరగడం, అంట్లు, బట్టలు ఆరేయడం. రేపు ఆవిడే ముందు వెళ్లిపోతే ఆయన్ను నిలబెట్టేదీ ఆ పనులే.

అలాగే బ్యాంకు పని ఆవిడ చేతికి రావాలి. పింఛను ఖాతా జాయింటుగా ఉంటే ఫ్యామిలీ పింఛనుకు మళ్లీ కొత్త ఖాతా తెరవనక్కర్లేదు. లైఫ్ సర్టిఫికెట్‌ను 2014 నుంచి జీవన్ ప్రమాణ్‌తో ఆన్‌లైన్లో ఇవ్వవచ్చు, ఇప్పుడు ఫోను ముందు మొహం చూపితే చాలు. ఈ నవంబరులో ఆ పని ఆవిడ చేత చేయించండి. ఏటీఎం పిన్, పోస్టాఫీసు పాస్‌పుస్తకాలు, బీమా కార్డు, కౌలు కాగితం ఎక్కడున్నాయో ఆవిడకు తెలియాలి. పీపీఓ తీసి అందులో ఆవిడ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో, పుట్టిన తేదీ ఉందో లేదో ఈ వారమే చూడండి. పాత పీపీఓలు చాలావాటిలో భార్య పేరు మాత్రమే ఉంటుంది, తేదీ ఉండదు. 80 నిండితే ఫ్యామిలీ పింఛనుకు 20 శాతం అదనంగా వస్తుంది. 24,000 మీద అది నెలకు 4,800, దానిపై డీఆర్. ఆ తేదీ రికార్డులో లేకపోతే, 80 ఏళ్ల వయసులో ఆవిడే తన వయసుకు రుజువు పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరగాలి.